అవకాశాల అసమానతను కుటుంబ సర్వేతో ఎలా కొలవాలి?

ఇద్దరి ఆదాయాల్లో తేడా ఉన్నంత మాత్రాన అదంతా అన్యాయం కాదు. కష్టం వల్ల వచ్చిన తేడా వేరు, పుట్టుకతో వచ్చింది వేరు. 1998లో ఆర్థికవేత్త జాన్ రోమర్ పుస్తకం ఈ విభజనకు గట్టి పునాది వేసింది. ఆ రెండో భాగాన్ని, అంటే అవకాశాల అసమానతను, లెక్క తేల్చడమే ఇక్కడి పని.

ముందుగా, మనిషి చేతిలో లేని పరిస్థితులు ఎంచుకోండి: తల్లిదండ్రుల చదువు, తండ్రి వృత్తి, పుట్టిన ప్రాంతం, లింగం. సొంత చదువును, ఇప్పుడుంటున్న ఊరిని కలపకండి. సర్వే ఎంపిక దగ్గరే చాలామంది బోల్తా పడతారు. చాలా సర్వేల్లో ఒకే ఇంట్లో ఉంటున్న తల్లిదండ్రుల వివరాలే ఉంటాయి. వాటితో లెక్క వేస్తే, వేరు కాపురం పెట్టినవాళ్లంతా జారిపోతారు. అమ్మానాన్నలు ఎక్కడున్నా వాళ్ల చదువు అడిగిన సర్వేనే తీసుకోండి.

తర్వాత 30 నుంచి 50 ఏళ్ల వారిని తీసుకుని, ఒకే పరిస్థితులున్న వాళ్లను ఒక గుంపు చేయండి. ప్రతి ఒక్కరి ఆదాయం స్థానంలో ఆ గుంపు సగటు పెట్టండి. ఇప్పుడు మొత్తం సగటును ఒక్కొక్కరి అంకెతో భాగించి, సహజ లాగరిథం తీసి, వాటి సగటు కట్టండి. సర్వే వెయిట్లు (సర్వేలోని ఒక్కొక్కరు జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) అన్నిచోట్లా వాడాలి. సున్నా ఆదాయాలుంటే ఈ లెక్క నడవదు, అప్పుడు ఖర్చు వివరాలే నయం. అసమానతకు ఎక్కువగా వాడే జినీ సూచిక ఎందుకు వద్దంటే, గుంపుల ఆదాయాలు ఒకదానిపై ఒకటి పడినప్పుడు అది గుంపుల మధ్య తేడా, గుంపుల లోపలి తేడా అని రెండు భాగాలుగా శుభ్రంగా విడిపోదు.

ఉదాహరణకు, సమాన సంఖ్యలో ఉన్న రెండు గుంపుల సగటులు 10, 30 అనుకుందాం. మొత్తం సగటు 20, గుంపుల మధ్య అసమానత 0.144. గుంపు సగటులకు బదులు అసలు ఆదాయాలతో ఇదే లెక్క కడితే 0.36 వచ్చిందనుకోండి; 0.144ను 0.36తో భాగిస్తే అవకాశాల వాటా 40 శాతం.

సర్వేలో లేని పరిస్థితులు ఎప్పుడూ కొన్ని ఉంటాయి కాబట్టి దీన్ని 'కనీసం ఇంత' అని చెబుతారు. ఆ మాటను నేను కొంచెం అనుమానంగానే చూస్తాను. ఐదు పరిస్థితులు, ఒక్కోదానికి నాలుగు వర్గాలంటే 1,024 గుంపులు. కొన్నింట్లో ఇద్దరు ముగ్గురే మిగులుతారు, అప్పుడు కాకతాళీయమైన తేడా కూడా అవకాశాల ఖాతాలో పడి అంకె ఉబ్బుతుంది. అలాంటప్పుడు ఆదాయం లాగరిథంపై పరిస్థితులతో రిగ్రెషన్ (పరిస్థితులను బట్టి ఆదాయాన్ని అంచనా వేసే గణాంక పద్ధతి) నడిపి, అంచనా విలువలను తిరిగి ఆదాయంగా మార్చి, వాటితోనే లెక్క కట్టండి. గుంపులు కలిపినప్పుడు, విడదీసినప్పుడు అంకె ఎంత కదిలిందో ఫలితం పక్కనే రాయండి.