ఎర్త్ రెసిస్టెన్స్ ఎక్కువ వస్తోందా? ఉప్పు పోసే ముందు ఇవి కొలవండి

ఫ్రిజ్ తలుపు తాకితే జిల్లుమంటోంది, గీజర్ కుళాయి పట్టుకుంటే చురుక్కుమంటోంది అనగానే చాలా ఇళ్లలో చేసే మొదటి పని ఎర్త్ గొయ్యిలో నాలుగు బకెట్ల నీళ్లు, ఓ సంచి ఉప్పు పోయడం. కొన్నాళ్లు తగ్గినట్టే ఉంటుంది, ఎండలు ముదిరేసరికి మళ్లీ మొదలు. లోపం తీగలో ఉందా, మట్టిలో ఉందా అన్నది ముందు తేలాలి. గీజర్ ఎలిమెంట్ లీకవుతుంటే దాన్ని విడిగా మార్చాల్సిందే, ఎర్త్ ఎంత బాగున్నా సరే.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేయండి, ఇన్వర్టర్ కూడా. ఎర్త్ తీగను గొయ్యి దగ్గర విప్పితే, లీకేజీ ఉన్న ఇంట్లో ఆ తీగ కొసే షాక్ కొడుతుంది. మెయిన్ ఆఫ్ అయ్యాక కూడా ఆ తీగకూ నేలకూ మధ్య మల్టీమీటరుతో వోల్టేజీ చూసి, సున్నా అయితేనే చెయ్యి పెట్టండి.

ముందు ఇంటి లోపలి భాగం. మల్టీమీటరును 200 ఓమ్‌ల మీద పెట్టి, రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకిస్తే వచ్చే అంకె రాసుకోండి. అది ప్రోబు తీగల సొంత రెసిస్టెన్స్, అంటే కరెంటుకు అవి పెట్టే అడ్డు. కొలిచిన ప్రతిదాంట్లోంచి దాన్ని తీసేయాలి. ఇప్పుడు డీబీలోని (స్విచ్చులన్నీ ఉండే మెయిన్ పెట్టె) ఎర్త్ పట్టీ నుంచి ఒక్కో సాకెట్ పైనున్న లావు రంధ్రం దాకా కొలవండి. 1.5 చదరపు మి.మీ. రాగి తీగ 20 మీటర్లకు దాదాపు పావు ఓమ్ చూపాలి. ఒక ఓమ్ దాటితే ఎక్కడో జాయింటు వదులైంది. అసలు అంకే రాకపోతే సాకెట్ వెనక ఆకుపచ్చ తీగ కలపలేదన్నమాట. కొందరు ఎర్త్ తీగ లాగడం బద్ధకించి సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేస్తారు. న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే ఫ్రిజ్ బాడీకి నేరుగా ఫేజు వచ్చేస్తుంది. అది కనబడితే అప్పటికప్పుడు తీయించండి.

తర్వాత గొయ్యి దగ్గరి జాయింటు. బోల్టు కింద జిఐ (జింకు పూత పూసిన ఇనుము) తీగ చుట్టిన చోట దగ్గరగా చూడండి. ముందు తెల్లటి సున్నంలాంటి పొర, దాని కింద ఎర్రటి తుప్పు, రాగి లగ్ (తీగ కొసకు బిగించే ముక్క) కలిసిన చోట ఆకుపచ్చ మరక కనిపిస్తాయి. బయటికి బిగుసుకున్నట్టే ఉంటుంది, లోపల లోహం లోహాన్ని తాకదు. విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, జిఐ బోల్టు, స్ప్రింగ్ వాషర్ కొత్తవి వేసి బిగించి, పైన గ్రీజు పూయండి. చాలా ఇళ్లలో రోగం ఇక్కడే ఉంటుంది.

ఇవన్నీ సరిగా ఉంటేనే మట్టి సంగతి. 100 వాట్ల బల్బును ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వెలిగించి "బ్రహ్మాండంగా ఉంది" అనే పరీక్షను నమ్మొద్దు. ఆ బల్బు రెసిస్టెన్సే 500 ఓమ్‌ల పైన. ఎర్త్ 50 ఓమ్‌లున్నా అది ధగధగా వెలుగుతుంది. కావాల్సింది మూడు టెర్మినళ్ల ఎర్త్ టెస్టర్. ఎర్త్ తీగను గొయ్యిలో పాతిన పైపు నుంచి విప్పేసి, 30 మీటర్ల దూరంలో కరెంటు చువ్వ, మధ్యలో 15 మీటర్ల దగ్గర వోల్టేజీ చువ్వ వరసగా దిగ్గొట్టి కొలవాలి. మధ్య చువ్వను మూడు మీటర్లు ఇటూ, మూడు మీటర్లు అటూ జరిపి మళ్లీ కొలవండి. మూడు అంకెలూ దాదాపు ఒకటే అయితే అది నిజమైన కొలత. తేడా వస్తే కరెంటు చువ్వను ఇంకా దూరం జరపాలి. 200 గజాల స్థలంలో అంత దూరం దొరకదు. గేటు బయటికి, వీధి చివరి ఖాళీ జాగాలోకి తీగ లాగాల్సిందే. చువ్వల దగ్గర నేల ఎండిపోయి ఉంటే చెంబెడు నీళ్లు పోయండి. కొలత అయ్యాక తీగను తిరిగి బిగించాకే మెయిన్ ఆన్ చేయాలి.

ఇంటికి 5 ఓమ్‌ల లోపు ఉండాలని అందరూ చెబుతారు. రెండున్నర మీటర్ల పొడవు, 40 మి.మీ. వ్యాసమున్న పైపు ఒక్కటే తడి నల్లరేగడిలో, అంటే రెసిస్టివిటీ (మట్టి కరెంటుకు పెట్టే అడ్డు) 10 ఓమ్-మీటర్లున్న నేలలో, లెక్క ప్రకారం 3.5 ఓమ్‌లు ఇస్తుంది. అదే పైపు 100 ఓమ్-మీటర్ల మొరం నేలలో 35 ఓమ్‌లు. అక్కడ ఎన్ని బకెట్లు పోసినా 5 రాదు. లావు పైపు వేస్తే సరిపోతుందనుకోవద్దు: వ్యాసం రెట్టింపు చేస్తే తగ్గేది 12 శాతమే. లోతు 5 మీటర్లు చేస్తే 35 కాస్తా 20కి దిగుతుంది. ఉప్పు వానలకు కొట్టుకుపోతుంది, ఉన్నన్నాళ్లూ పైపును తింటుంది. దాని బదులు పైపు చుట్టూ బెంటనైట్ (నీళ్లు పీల్చుకునే ఒక రకం బంకమట్టి) గుజ్జు పోస్తే తేమ పట్టి ఉంచుతుంది.

రెండో పైపు వేస్తే మొదటిదానికి కనీసం 5 మీటర్ల దూరంలో వేసి, రెంటినీ జిఐ పట్టీతో కలపండి. పక్కపక్కనే పాతితే రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి, ఖర్చు రెట్టింపైనా ఫలితం అంతంతే. హైదరాబాద్‌లా రెండడుగుల కిందే బండ తగిలే చోట కిందికి దిగడం వదిలేసి అడ్డంగా వెళ్లండి: ప్రహరీ వెంబడి అర మీటరు లోతున 15 మీటర్ల పొడవు, 25 మి.మీ. వెడల్పున్న జిఐ పట్టీ పాతితే, ఆ 100 ఓమ్-మీటర్ల నేలలోనే సుమారు 11 ఓమ్‌లు వస్తుంది.

5 ఓమ్‌లు సాధించినా ఎర్త్ గొయ్యి ఒక్కదాన్నే నమ్ముకోకండి. 230 వోల్టులకు 5 ఓమ్‌ల ఎర్త్‌లో మహా అయితే 46 ఆంపియర్లు పారుతుంది. 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్చు) వెంటనే పడాలంటే కనీసం 80 కావాలి. 46కి అది వేడెక్కి పడేదాకా కొన్ని సెకన్లు, ఒక్కోసారి దాదాపు నిమిషం పట్టొచ్చు. ఆ సేపంతా గీజర్ బాడీ మీద ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. అందుకే డీబీలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్చు) తప్పనిసరి. 35 ఓమ్‌ల ఎర్త్‌తో కూడా అది క్షణంలో పడుతుంది. ఎర్త్ అసలే తెగిపోయి ఉంటే మాత్రం మనిషి తాకాకే పడుతుంది. దాని మీది టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. కాకపోతే ఆ బటన్ పరీక్షించేది ఆర్‌సీసీబీనే, మీ ఎర్త్‌ను కాదు.

ఎర్త్ కొలత ఏప్రిల్, మే నెలల్లోనే తీసుకోండి. వానాకాలంలో వచ్చే అంకె ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. తేదీతో సహా డీబీ తలుపు లోపలివైపు రాసిపెడితే, వచ్చే ఏడాది ఎంత పెరిగిందో చూడగానే తెలుస్తుంది.