బనానాస్ ఫాస్టర్: రమ్ము పోసి మంట పెట్టడం ఎలా?

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, బ్రెన్నన్స్ రెస్టారెంట్లో 1951లో పుట్టిన తీపి వంటకం ఇది. అప్పట్లో ఆ రేవుకి అరటిపండ్లు ఓడల మీద విపరీతంగా దిగేవి. వాటితో కొత్తగా ఏదైనా చెయ్యమంటే షెఫ్ పాల్ బ్లాంజే చేసిచ్చాడు. వంట పావుగంట పని. చెడేదల్లా మంట దగ్గరే.

నలుగురికి నాలుగు అరటిపండ్లు, 60 గ్రాముల వెన్న, 150 గ్రాముల బ్రౌన్ షుగర్, అర టీస్పూను దాల్చినచెక్క పొడి, 60 మి.లీ. డార్క్ రమ్ము, వెనిలా ఐస్‌క్రీమ్ కావాలి. చక్కెరకేళి వద్దు, పాకంలో ముద్దయిపోతుంది. పొడుగాటి గ్రాండ్ నైన్ పండ్లు, కొసలు ఇంకా కాస్త పచ్చగా ఉన్నవి తీసుకోండి. పాన్ వెడల్పాటి స్టీలుది, పొడుగు పిడి ఉన్నదే వాడాలి. నాన్‌స్టిక్ వద్దే వద్దు.

వెన్న కరిగించి, చక్కెర, దాల్చినచెక్క పొడి వేసి, సన్నని సెగ మీద పాకం నురగలు కట్టేదాకా కలపండి. నిలువుగా చీల్చిన పండ్లు పరిచి, ఒక్కో వైపు ఒక నిమిషం ఉంచితే చాలు.

ఇక అసలు పని. మండేది రమ్ము కాదు, దాని మీంచి లేచే ఆవిరి. ఇది అర్థమైతే సగం తప్పులు జరగవు. చల్లటి రమ్ము పోస్తే ఆవిరి చాలదు, అంటుకోదు. మరిగిస్తే ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గరే ఎగిరిపోతుంది, మండటానికి ఏమీ మిగలదు. అందుకే రమ్ము గిన్నెను వేడినీళ్లలో పెట్టి, వేలు పెడితే వెచ్చగా తగిలేదాకా ఉంచండి. గిన్నెను స్టవ్ మీద మాత్రం పెట్టొద్దు. మన దేశంలో దొరికే 42.8 శాతం రమ్ము సరిగ్గా సరిపోతుంది. 75 శాతం ఉండే ఘాటు రమ్ములు ప్రమాదం. వైన్, బీరు అసలు అంటుకోవు.

పోసేముందు స్టవ్ ఆపండి, చిమ్నీ ఆపండి, ఫ్యాను ఆపండి. చిమ్నీ నడుస్తుంటే మంటను జిడ్డు పట్టిన ఫిల్టర్లోకి లాగేస్తుంది. జుట్టు ముడేసుకోండి, చున్నీ, కొంగు వదులుగా ఉండకూడదు. పాన్‌కి సరిపోయే మూత పక్కనే ఉండాలి. అర నిమిషం ఆగి, పాకం బుడబుడలు తగ్గాక రమ్ము గిన్నెలోంచి పోయండి. సీసాలోంచి పోస్తే మంట ధార వెంట సీసాలోకి ఎక్కుతుంది.

పోసిన వెంటనే ముఖం వెనక్కి పెట్టి, పొడుగు మెడ లైటర్ మంటను పాన్ అంచు దగ్గరకు తీసుకెళ్లండి. స్టవ్‌కి వాడే నిప్పురవ్వల లైటర్‌తో చెయ్యి మరీ దగ్గరకు వెళ్తుంది, అది పనికిరాదు. పాన్‌ని వంచి బర్నర్ మంట అంటించుకోవడం టీవీలో అందంగా ఉంటుంది, ఇంట్లో చెయ్యకూడదు. ఆలస్యం చేస్తే రమ్ము పాకంలో కలిసిపోయి అంటుకోదు. అలాంటప్పుడు ఇంకాస్త పోయాలనిపిస్తుంది. పోయకండి! నీలం మంట వెలుతురులో కనిపించదు, ఆరిందనుకున్నది మండుతూనే ఉండొచ్చు. ఒక నిమిషం ఆగి, స్టవ్ మీద మరిగించేసి, మంట లేకుండానే వడ్డించండి. రుచి చెడిపోదు.

అంటుకుంటే పాన్‌ని మెల్లగా ఊపుతుండండి, నిమిషంలోపే ఆరుతుంది. చిటికెడు దాల్చినచెక్క పొడి పైనుంచి చల్లితే మిణుగురుల్లా మెరుస్తుంది. ఆరకపోతే మూత పెట్టాలి. నీళ్లు చల్లారో, వేడి వెన్న, పాకం చిమ్ముతాయి.

మంటలో మద్యమంతా పోతుందన్నది అపోహ. అమెరికా వ్యవసాయ శాఖ లెక్కల్లో మంట పెట్టిన వంటల్లో దాదాపు 75 శాతం మిగిలే ఉంటుంది. అందుకే పిల్లలకీ, మద్యం ముట్టని వాళ్లకీ రమ్ము పోయకముందే ముక్కలు, పాకం విడిగా తీసిపెట్టండి. మిగతావి వేడిమీదే ఐస్‌క్రీమ్ మీద వేసివ్వండి.