దడి విప్పి గోడ కట్టే ముందు

ఎండాకాలం రాగానే పల్లెల్లో, చిన్న ఊళ్లలో పెరటి దడులు విప్పి ఇటుక గోడలు కట్టే పని మొదలవుతుంది. వానలు పడేలోపు అయిపోవాలని అందరికీ తొందర. ఏళ్లుగా కూరా నారా ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లు మాట్లాడుకోవడం మానేసేది ఈ తొందరలోనే. తాటాకు దడి ఉన్నన్నాళ్లూ జానెడు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. గోడ లేస్తే మాత్రం ఆ జానెడు ఎవరో ఒకరికి పోయినట్టే. అందుకే హద్దు తేలి కాగితం మీదకు ఎక్కేదాకా పాత దడి జోలికి వెళ్లకండి.

దడి ఉన్నచోటే హద్దు అనుకోవద్దు. రాటలు పుచ్చినప్పుడల్లా పాత గుంట పక్కన కొత్త గుంట తవ్వుతారు, చెట్టు అడ్డొస్తే దడిని వంచి కడతారు. అలా ఇరవై ముప్పై ఏళ్లలో అది అడుగు మేర జరిగిపోయి ఉండొచ్చు. 40 అడుగుల పొడవున ఒక్క అడుగు జరిగినా దాదాపు నాలుగున్నర గజాల స్థలం. అయినా ఇన్నేళ్లుగా ఎవరి స్వాధీనం ఎక్కడిదాకా ఉందో చెప్పడానికి ఆ దడే సాక్ష్యం. విప్పే ముందు రెండు కొసల నుంచీ ఫోటోలు తీయండి. బావి ఒర నుంచో ఇంటి మూల నుంచో దడికి ఎంత దూరముందో టేపుతో కొలిచి రాసిపెట్టుకోండి.

తర్వాత దస్తావేజులు తీయండి. మీదే కాదు, పక్కవారిది కూడా, వీలైతే రెండు వైపులా లింకు దస్తావేజులతో (అంతకుముందు చేతులు మారినప్పటి పాత దస్తావేజులతో) సహా. దస్తావేజులో స్థలం వివరాలు రాసే షెడ్యూల్‌లో నలుదిక్కుల హద్దులు చూడండి. మీకూ వారికీ మధ్య ఉన్నది ఉమ్మడిదని రాశారా, ఒకరి సొంతమని రాశారా అన్నది అక్కడే తెలుస్తుంది. హద్దులకూ కొలతలకూ పొంతన కుదరకపోతే, స్పష్టంగా రాసిన హద్దులకే కోర్టులు సాధారణంగా ఎక్కువ విలువ ఇస్తాయి. సర్వే నంబరున్న స్థలమైతే సర్వేయర్‌తో కొలతలు వేయించండి. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఎఫ్-లైన్ దరఖాస్తు అంటారు. కొలిచే రోజు పక్కవారు దగ్గరుండాలి. వాళ్లు లేకుండా పాతిన రాయిని వాళ్లు ఒప్పుకోరు. గ్రామకంఠంలో, అంటే ఊళ్లో ఇళ్లున్న పాత నివాస స్థలంలో, ఇల్లిల్లుకీ విడిగా పాత పటం దొరకడం కష్టం. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద మీ ఊళ్లో డ్రోన్ సర్వే జరిగి ఉంటే ఆ ఆస్తి కార్డు చూడండి.

మాట మీరే ముందు కదపండి, మేస్త్రిని పిలవకముందే. “బాబాయ్ గారూ, దడి తీసి గోడ పెట్టుకుందామనుకుంటున్నాం. మీరూ ఉండగా ఒకసారి కొలిపిద్దామండీ” అంటే చాలు. ఆ ఇంటి ఆడవాళ్లతోనూ మాట్లాడాలని నా గట్టి అభిప్రాయం. పెరట్లో రోజంతా మెలిగేది వాళ్లే. వాడుక నీళ్లు ఎటు పోతాయో, గోడ లేస్తే దేనికి ఇబ్బందో వాళ్లకే బాగా తెలుసు. ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడిది అయితే అక్కడ ఉంటున్న ఒక్కరు సరేనంటే సరిపోదు. హైదరాబాద్‌లో ఉన్నవారూ అమెరికాలో ఉన్నవారూ కూడా ఒప్పుకోవాలి.

గోడ పూర్తిగా మీ స్థలంలోనే కట్టుకుంటే అది మీదే, ఖర్చూ మీదే. కానీ పునాది గోడకన్నా వెడల్పుగా ఉంటుంది. పైన తొమ్మిదంగుళాల గోడ హద్దు లోపలే ఉన్నా కింద పునాది పక్కవారి నేలలోకి వెళ్లొచ్చు. ముగ్గు పోసేటప్పుడే మేస్త్రికి పునాది అంచు చూపించండి. ఉమ్మడి గోడ అయితే హద్దు దాని నడిమధ్యన ఉండాలి, చెరో నాలుగున్నర అంగుళాలు. రెండో వారి అనుమతి లేకుండా దాన్ని ఎత్తు పెంచడం, దాని మీద దూలం మోపడం, బాత్రూం ఆనించి కట్టడం కుదరదని ముందే అనుకోండి.

ఇవన్నీ 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాసి, ఇరువైపులా సంతకాలు పెట్టి, చేతి పటం జతచేయండి. గోడ ఎవరిది, ఖర్చు ఎవరెంత, మరమ్మతు ఎవరు చేయాలి, వాన నీళ్లు ఎటు పోవాలి అన్నవన్నీ అందులో ఉండాలి. ఒకరి స్థలం మరొకరికి వదులుకుంటుంటే మాత్రం ఈ కాగితం చాలదు, రిజిస్ట్రేషన్ కావాలి. పక్కవారిని మీ పెరట్లోంచి నడవనిస్తున్నారా? అది మీ అనుమతితోనే అని కూడా రాయండి. ఒకరి స్థలాన్ని మరొకరు దారిగానో మరోలానో వాడుకునే హక్కుల గురించిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం, ఎవరి అనుమతీ అడగకుండా తన హక్కుగా 20 ఏళ్లు అడ్డులేకుండా వాడుకున్న దారి నిజంగానే హక్కైపోవచ్చు.

మాట పెరిగిందంటే పని ఆపేయండి. రాత్రికి రాత్రి గోడ లేపడం గానీ, పక్కవారు కట్టింది పడగొట్టడం గానీ చేస్తే న్యాయం మీవైపున్నా కేసు మీ మీదే పడుతుంది. ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోసం కోర్టుకు పరుగెత్తే ముందు మీ మండల న్యాయ సేవాధికార కమిటీకి దరఖాస్తు పెట్టండి. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ ఇచ్చే అవార్డుకు, అంటే రాజీ తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీకి ఉన్నంత బలముంది, దానిపై అప్పీలు లేదు. కాబట్టి కొలతలు, పటం చేతిలో పెట్టుకుని వెళ్లండి, ప్రతి అంగుళం చదివి చూసుకున్నాకే సంతకం పెట్టండి.