జట్టు ప్రకటించగానే "అన్యాయం" అనిపిస్తే: లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ప్రపంచ కప్ జట్టులో 15 మందికే చోటు. పదహారో వాడి అభిమానులకు ఎప్పుడూ కోపమే, దానికి మందు లేదు. సెలక్టర్ల అంచనా తప్పడం కూడా మామూలే. కొలత మధ్యలో మారినా, ఆ సంగతి ఆటగాడికి చెప్పకపోయినా అప్పుడు అన్యాయం గురించి మాట్లాడుకోవాలి.

సమస్య 1: నెలల తరబడి ఆడించి, సరిగ్గా టోర్నీ ముందు తీసేశారు

అంబటి రాయుడు సంగతే చూడండి. బ్యాటింగ్‌లో నాలుగో స్థానానికి అతన్నే 2019 ప్రపంచ కప్ దాకా నమ్ముకుంటామని 2018 అక్టోబరులో కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా చెప్పాడు. అదే నెలలో ముంబైలో వెస్టిండీస్‌పై సెంచరీ. 2019 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్‌లో 18 పరుగులకే 4 వికెట్లు పోతే 90 కొట్టి నిలబెట్టాడు. అప్పుడు అతనికి అవతలి ఎండ్‌లో తోడు నిలిచింది విజయ్ శంకరే! తర్వాత ఆస్ట్రేలియాతో మూడు వన్డేల్లో విఫలమయ్యాడు. ఏప్రిల్ 15న ప్రకటించిన జట్టులో విజయ్ శంకర్ ఉన్నాడు, రాయుడు లేడు. శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడన్నది చీఫ్ సెలక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్ వివరణ. ఆ 'మూడు' మాటకు ఎత్తిపొడుపుగా, ప్రపంచ కప్ చూడటానికి త్రీడీ కళ్లద్దాలు ఆర్డర్ చేశానని రాయుడు పెట్టిన ట్వీట్ చాలామందికి గుర్తే.

కారణం: ఫామ్ పోయిందని తీసేస్తే నేను ఒప్పుకుంటాను. కానీ బయటికి ముందుగా చెప్పింది బౌలింగ్ గురించి. నాలుగో స్థానంలో ఆడేవాడు బౌలింగ్ కూడా చేయాలన్న షరతు అక్టోబరులో వినపడలేదు. పైగా జనవరిలోనే ఐసీసీ రాయుడు బౌలింగ్‌ను నిలిపేసింది, అంటే అప్పటికే సెలక్టర్లకు విషయం తెలుసు. ఇక శంకర్ గాయపడితే, స్టాండ్‌బైలో (ఎవరైనా తప్పుకుంటే పిలిచే అదనపు జాబితాలో) ఉన్న రాయుడిని వదిలి అప్పటికి ఒక్క వన్డే కూడా ఆడని మయాంక్ అగర్వాల్‌ను పంపారు. ఓపెనర్ కావాలని జట్టు అడిగిందని తర్వాత చెప్పారు. కారణం సబబే కావచ్చు, చెప్పిన వేళే ఆలస్యం. ఈలోపు రాయుడు రిటైర్మెంట్ ప్రకటించేశాడు (తర్వాత వెనక్కి తీసుకున్నాడనుకోండి).

పరిష్కారం: స్థానం ఇచ్చిన రోజే అది నిలబెట్టుకోవడానికి ఏం కావాలో చెప్పాలి. స్టాండ్‌బై పేర్ల పక్కన ఎవరు ఏ స్థానానికో రాయాలి. ఒక్క లైను చాలు.

సమస్య 2: జట్టుతో తిప్పారు, ఆడించలేదు, తర్వాత జట్టులోంచే తీసేశారు

కరుణ్ నాయర్ 2016లో చెన్నైలో ఇంగ్లండ్‌పై 303 నాటౌట్. తర్వాతి టెస్టులోనే గాయం నుంచి కోలుకున్న రహానే కోసం తప్పుకోవాల్సి వచ్చింది. గాయపడినవాడి చోటు అతనిదే అన్న నియమం ఉందనుకుంటే అందులో తప్పు పట్టలేం. నొప్పి కలిగించేది 2018 ఇంగ్లండ్ పర్యటన. మొదటి నుంచీ జట్టుతో ఉన్న కరుణ్‌ను కాదని, చివర్లో చేరిన హనుమ విహారిని ఓవల్‌లో ఆడించారు. విహారి 56 కొట్టాడు, మన ఆంధ్రావాడని మనం చప్పట్లు కొట్టాం. స్వదేశం వచ్చాక కరుణ్ పేరే లేదు. తనతో ఎవరూ మాట్లాడలేదని కరుణ్ అన్నాడు, మాట్లాడానని ప్రసాద్ అన్నారు.

కారణం: జట్టును ఎంచేది సెలక్టర్లు, పర్యటనలో తుది పదకొండు మందిని తేల్చేది కెప్టెన్, కోచ్. ఆటగాడికి కబురు చెప్పే బాధ్యత ఇద్దరి మధ్యా జారిపోతుంది.

పరిష్కారం: తీసేసిన ప్రతి ఆటగాడికీ ఫలానా సెలక్టరే ఫోన్ చేయాలని ముందే పేరు పెట్టి నిర్ణయించాలి.

సమస్య 3: ఎంపికయ్యాక ఫిట్‌నెస్ పరీక్షలో ఫెయిల్

2018లో యోయో టెస్టులో (పరుగుతో దమ్ము కొలిచే పరీక్ష) రాయుడికి జరిగింది ఇదే. జట్టు ప్రకటించాక పరీక్ష పెట్టడమే లోపం. ముందు పరీక్ష, తర్వాత ప్రకటన.

సమస్య 4: అంకెలు ఒకటి చెబితే సెలక్టర్లు ఇంకొకటి చేశారు

ఇది అన్నిసార్లూ లోపం కాదు. 2024లో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిని ఆస్ట్రేలియాకు తీసుకెళ్లింది ఫస్ట్‌క్లాస్ అంకెలు చూసి కాదు. అతను మెల్‌బోర్న్‌లో 114 కొట్టాడు. అదే వెసులుబాటు మన ఊరివాడు కానివాడికి దొరికితే ఒప్పుకుంటామా అని అడిగి చూసుకోవాలి. మరోవైపు సర్ఫరాజ్ ఖాన్ 2019-20 రంజీలో 928 పరుగులు చేసినా, 2024 దాకా టెస్టు ఆడలేదు. రంజీ పరుగులకు విలువ ఎంతో బోర్డు చెప్పకపోతే అనుమానాలు పెరుగుతాయి.

పరిష్కారానికి నమూనా పేసర్ మహ్మద్ సిరాజ్ ఉదంతంలో ఉంది. 2025 చాంపియన్స్ ట్రోఫీకి అతన్ని తీసుకోనప్పుడు, కొత్త బంతి చేతికివ్వకపోతే సిరాజ్ ప్రభావం తగ్గుతోందని అప్పటి కెప్టెన్ రోహిత్ శర్మ నేరుగా చెప్పాడు. నాకు ఆ నిర్ణయం నచ్చలేదు. కానీ ఏ విషయంలో మెరుగుపడాలో సిరాజ్‌కు తెలిసింది, మనకు వాదించడానికి ఒక ఆధారం దొరికింది.