పాత ఫోర్డ్ మస్టాంగ్ కారును సొంతంగా చూసుకుందాం – 3వ పాఠం: డబ్బు తినేది ఇంజనా, రేకా?

మొదటి పాఠంలో బండి నంబరు చదవడం నేర్చుకున్నాం. 7తో మొదలైతే 1967 మోడల్. తర్వాతి అక్షరం ఫ్యాక్టరీది. 01 అంటే హార్డ్‌టాప్, 02 అంటే ఫాస్ట్‌బ్యాక్. ఆ పక్కన సి ఉంటే 289 ఇంజన్ (289 క్యూబిక్ అంగుళాలది), టూ బ్యారెల్ కార్బురేటర్‌తో; ఎస్ ఉంటే 390 జీటీ ఇంజన్. రెండో పాఠంలో పనిముట్లు సమకూర్చుకున్నాం. ఈసారి రెండు పరీక్షలు చేద్దాం: ఒకటి నీళ్లతో, ఇంకోటి ఫీలర్ గేజ్‌తో, అంటే సన్నటి సందును కొలిచే పల్చటి రేకు బ్లేడులతో.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ ఇలాంటి కారు కొనాలనుకునే మనవాళ్లు ముందుగా అడిగేది ఇంజన్ గురించే. ఆ భయం అక్కర్లేదు. 289 ఇంజన్‌కు ప్రతి భాగమూ ఇప్పటికీ కొత్తగా దొరుకుతుంది, ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే విప్పి బిగించుకోవచ్చు. అసలు ఖర్చు తుప్పుది. అందుకే నీళ్ల పరీక్ష ముందు.

ముందు అద్దం కింద, హుడ్ వెనక అంచున, సన్నటి చీలికలున్న రేకు కనిపిస్తుంది. దాని కింది పెట్టెలాంటి భాగమే కౌల్. బయటి గాలి లోపలికి వచ్చే దారి అదే. ఆ పెట్టె అడుగున రెండు పెద్ద రంధ్రాలు, వాటి చుట్టూ పైకి లేచిన రేకు అంచులు ఉంటాయి. వాన నీళ్లు ఆ అంచులు దాటకుండా పక్కలకు పారి, ముందు చక్రాల వెనక నేల మీద పడాలి. ఏళ్ల తరబడి రాలిన ఆకులు, మట్టి ఆ మూలల్లో పేరుకుని తడి పట్టి ఉంచుతాయి. చేయి దూరని చోటు కాబట్టి శుభ్రం చేసేవాళ్లుండరు. అంచులు తుప్పుపట్టి రాలిపోయాక నీళ్లు నేరుగా డాష్‌బోర్డ్ కిందికి దిగుతాయి. 1965 నుంచి 1968 దాకా వచ్చిన మస్టాంగ్‌లన్నిటికీ ఉన్న జబ్బే ఇది.

పరీక్షకు ఇద్దరు కావాలి. ఒకరు ముందు కార్పెట్ ఎత్తి, టార్చ్‌లైట్ పట్టుకుని డాష్ కిందికి తల పెట్టాలి. రెండోవారు గార్డెన్ పైపు సన్నగా వదిలి, ముందు డ్రైవర్ వైపు, కొన్ని నిమిషాలాగి ప్యాసింజర్ వైపు కౌల్ మీద నీళ్లు పోయాలి. డ్రైవర్ వైపు గాలి తలుపు దగ్గర, రెండో వైపు హీటర్ పెట్టె పైన చూడండి. చుక్క పడినా అది లీకే. పడకపోయినా అక్కడితో ఆపకండి: నేల మీదికి రెండు పక్కలా నీళ్లు వస్తున్నాయా లేదా చూడండి. రాకపోతే దారి పూడుకుపోయిందని, లోపల నీళ్లు నిలుస్తున్నాయని అర్థం. బేరానికి వెళ్లినప్పుడు అమ్మేవారిని అడిగి ఈ పరీక్ష చేయండి. ఒప్పుకోకపోతే అదే జవాబు.

కౌల్ బాగుచేయాలంటే ముందు అద్దం, హుడ్, ఫెండర్లు విప్పి, స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి పై రేకు లేపాలి. రేకు ధర వందల డాలర్లలోనే ఉంటుంది, కూలి మాత్రం వేలల్లోకి పోతుంది. సీలెంట్ పూసి ప్లాస్టిక్ మూత బిగించే పద్ధతి కొన్నాళ్లు నీళ్లను ఆపుతుంది గానీ తుప్పును ఆపదు. ఈ కారుకు విడిగా ఛాసీ లేదు, బలమంతా అడుగు రేకుదే. కార్పెట్ కింద నేల మెత్తబడి ఉంటే జాక్ మీద ఎక్కించి, అడుగున పొడవునా ఉండే రేకు దూలాలను (ఫ్రేమ్ రెయిల్స్) స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. ముందు సస్పెన్షన్ పై చేయి బిగించే షాక్ టవర్ల దగ్గర పగుళ్లు వెతకండి.

ఇక ఫీలర్ గేజ్. పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయించడం, ఐడిల్‌లో వణకడం, గేరు మీద ఊపు లేకపోవడం... వీటికి చాలామంది కార్బురేటర్‌ను తిడతారు. ముందు పాయింట్లు చూడండి. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ లోపల, తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పురవ్వను పుట్టించే చిన్న స్విచ్ అది.

డిస్ట్రిబ్యూటర్ మూత రెండు క్లిప్పులతో ఊడుతుంది. రోటర్ తీయండి. స్పార్క్ ప్లగ్గులన్నీ విప్పి, క్రాంక్ ముందు బోల్టుకు రెంచి వేసి ఇంజన్‌ను చేత్తో తిప్పండి. పాయింట్ల చేయి కామ్ (డిస్ట్రిబ్యూటర్ మధ్యలో తిరిగే మొనల ఇరుసు) మొన మీదకెక్కి పూర్తిగా తెరుచుకున్న చోట ఆపండి. స్క్రూ వదులు చేసి, 0.017 అంగుళం ఫీలర్ బ్లేడును మధ్యలో పెట్టండి. బ్లేడు లాగితే సన్నగా పట్టుకుని రావాలి, పాయింటును కదిలించకూడదు. స్క్రూ బిగించాక గ్యాప్ మారుతుంది కాబట్టి తప్పక మళ్లీ కొలవండి. చివరగా శుభ్రమైన విజిటింగ్ కార్డు ముక్కను పాయింట్ల మధ్య లాగితే నూనె మరక పోతుంది. కామ్ మీద కొద్దిగా గ్రీజు రాయండి. లేకపోతే పాయింటు మడమ అరిగి గ్యాప్ మూసుకుపోతుంది.

డ్వెల్ మీటరు (పాయింట్లు ఎన్ని డిగ్రీల పాటు మూసుకుని ఉంటాయో చూపేది) ఉంటే 26 నుంచి 31 డిగ్రీల మధ్య చూపాలి. గ్యాప్ మారితే టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే సమయం, మారుతుంది కాబట్టి పాయింట్లు ముందు, టైమింగ్ తర్వాత. టైమింగ్ లైట్ పెట్టేటప్పుడు డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ పైపు తీసి మూయడం మరవకండి. మీ ఇంజన్‌కు టైమింగ్ ఎంత ఉండాలో ఫ్యాక్టరీ మాన్యువల్లో చూసుకోండి. ప్లగ్ తీగలు కలిసిపోతే 1-5-4-2-6-3-7-8 వరుస గుర్తుంచుకోండి. పాయింట్లు తరచూ మాడిపోతుంటే, కాయిల్‌కు వెళ్లే రెసిస్టర్ తీగను ఎవరో తీసేసి 12 వోల్టులు నేరుగా ఇచ్చారేమో అనుమానించండి. బండి వేడెక్కుతోందని కొత్త రేడియేటర్ కొనే ముందు కూడా టైమింగ్ చూడండి. లేటు టైమింగ్ ఇంజన్‌ను మరిగిస్తుంది.

ఇప్పుడు లెక్క. పాయింట్లు, కండెన్సర్, రోటర్ అన్నీ కలిపినా మంచి రెస్టారెంట్లో ఇద్దరి భోజనం ఖర్చు కాదు. ఆయిల్ మాత్రం ఏదో ఒకటి పోయకండి. కొత్త ప్రమాణాల్లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కోసం ఫాస్ఫరస్ తగ్గించారు, దాంతో జింక్ కూడా తగ్గింది. ఈ ఇంజన్‌లో వాల్వులను తెరిచే కామ్ ఫ్లాట్ ట్యాపెట్ రకం, అంటే లోహం మీద లోహం రుద్దుకునేది. దానికి ఆ జింక్ కావాలి. పాత కార్ల కోసమే తయారైన ఆయిల్ కొనండి. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపులను చిట్లిస్తుంది. ఇంజన్ మీద పెట్రోలు కారితే నిప్పంటుకుంటుంది. ఈ ఒక్కటీ వాయిదా వేయకండి, ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 పైపులు వేయండి.

బీమాకు మామూలు పాలసీ తీసుకోవద్దు. అగ్రీడ్ వాల్యూ పాలసీలో కారు విలువ ముందే రాసి పెట్టుకుంటారు. గ్యారేజీలో పెట్టాలి, రోజూ ఆఫీసుకు వాడకూడదు లాంటి షరతులుంటాయి, ప్రీమియం మాత్రం సాధారణంగా తక్కువే. కాలిఫోర్నియాలో ఉంటే స్మాగ్ పరీక్ష (పొగ తనిఖీ) బెడద లేదు, 1975, అంతకుముందు మోడళ్లకు మినహాయింపు.

వచ్చే పాఠంలోగా నీళ్ల పరీక్ష చేసి, ఏ పక్క ఎక్కడ చుక్క పడిందో ఫొటో తీసి పెట్టుకోండి. పాయింట్ల గ్యాప్ కొలిచి, మార్చక ముందు అంకె, మార్చాక అంకె రాసుకోండి. 4వ పాఠంలో బ్రేకులు విప్పుతాం. 1966 దాకా ఒకటే సర్క్యూట్, ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 1967 నుంచి రెండు సర్క్యూట్లు. మీ మాస్టర్ సిలిండర్ మూత కింద ఎన్ని గదులున్నాయో ఇవాళే చూసి పెట్టుకోండి.