కట్టిన పనికి రావలసిన బాకీ: కాంట్రాక్టరు ముందుగా చూసుకోవలసినవి

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి షెడ్డు కట్టినవారు గానీ, భోగాపురం విమానాశ్రయం పరిసరాల్లో పెద్ద కాంట్రాక్టరు కింద మట్టిపని చేసినవారు గానీ, బాకీ కోసం న్యాయవాది గడప తొక్కేసరికి చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది. సిమెంటు లోడు ఇంకా లారీలో ఉండగా కొన్నవాడు దివాలా స్థితికి వస్తే, దాన్ని దారిలోనే ఆపే హక్కును 1930 నాటి సరుకుల విక్రయ చట్టం అమ్మినవాడికి ఇచ్చింది. అదే సిమెంటు స్లాబులో కలిసిపోయాక ఆ హక్కు ఉండదు. కట్టడం మీద కాంట్రాక్టరుకు దానంతటదే దఖలుపడే తాకట్టు హక్కు కూడా మన చట్టంలో లేదు. ఇక చేతిలో మిగిలేవి కాగితాలే.

ఒప్పందాన్ని సరైన విలువ గల స్టాంపు కాగితం మీదే రాయించుకోవాలి. స్టాంపు చాలని పత్రాన్ని లోటు సుంకం, జరిమానా కట్టేదాకా కోర్టు సాక్ష్యంగా తీసుకోదు. భాగస్వాములుగా పని చేసేవారు సంస్థను ముందే రిజిస్టరు చేయించుకోవాలి. రిజిస్టరు కాని భాగస్వామ్య సంస్థ తన ఒప్పందం ఆధారంగా బయటివారి మీద దావా వేయలేదని 1932 నాటి చట్టంలోని 69వ సెక్షన్ చెబుతోంది. అన్నదమ్ములు కలిసి నడిపే సంస్థలు మన ప్రాంతంలో ఎక్కువ కాబట్టి ఈ ఒక్క లోపం వల్లనే న్యాయమైన బాకీ సైతం మూలపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది కొలతల పుస్తకం మీద. నేను చూసిన ఒక పుస్తకంలో పునాది నుంచి స్లాబు వరకు కొలతలన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి. యజమాని సంతకం మొదటి పేజీలో తప్ప మరెక్కడా లేదు. మధ్యలో నోటిమాట మీద వేసిన మెట్లగది కొలతలు చివరి అట్ట లోపలివైపు ఉన్నాయి. అడిగి చేయించుకున్న అదనపు పనికి ఒప్పందం లేకపోయినా, ఉచితంగా చేసినది కానప్పుడు, తగిన ప్రతిఫలం కోరవచ్చని ఒప్పందాల చట్టంలోని 70వ సెక్షన్ అంటుంది గానీ, ఆ పని జరిగిందనీ, యజమాని దాన్ని అనుభవిస్తున్నాడనీ రుజువు చేయవలసింది కాంట్రాక్టరే. ప్రతి పేజీలో తేదీ వేసి, సిరాతో రాసి, ఎదుటివారి సంతకం తీసుకోవడానికి పట్టేది పది నిమిషాలు.

ఇక పన్ను సంగతి. పది లక్షల పనికి 18 శాతం చొప్పున 1,80,000 రూపాయల జీఎస్టీ కలిపి బిల్లు ఇచ్చారనుకుందాం. నెలనెలా రిటర్ను వేసేవారైతే, యజమాని ఒక్క రూపాయి ఇవ్వకపోయినా, తాము కొన్న సరుకుల మీద ఇదివరకే కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు, అంటే క్రెడిట్, పోగా మిగిలిన పన్నును మరుసటి నెల 20వ తేదీలోగా కట్టాలి. బిల్లు ఆపినంత మాత్రాన బాధ్యత వాయిదా పడదు. పని మూడు నెలలకు మించి సాగుతూ, చెల్లింపు దశలవారీగా ఉన్నప్పుడు ఆ దశ పూర్తయ్యేసరికి బిల్లు ఇవ్వాలి కాబట్టి, ఒప్పందంలో దశలను ఎలా రాశామన్నదే పన్ను ఎప్పుడు పడుతుందో తేలుస్తుంది. బాకీ మునిగిపోతే, లోగడ ఆదాయంగా చూపిన మొత్తాన్ని పుస్తకాల్లో రద్దు చేసి ఆదాయపు పన్నులో మినహాయింపు పొందవచ్చు. కట్టిన జీఎస్టీని మాత్రం ఆ కారణంతో తిరిగి అడగడానికి వీలు లేదు.

బిల్లు అందుకున్నవారు దాని తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, ఆ బిల్లు మీద తాము తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలన్న నిబంధనను చాలామంది బెదిరింపుగా వాడుతుంటారు. పెద్ద కాంట్రాక్టరు మీద అది బాగానే పని చేస్తుంది. సొంతానికి షెడ్డు కట్టించుకున్న ఫ్యాక్టరీ యజమానికి ఆ పని మీద అసలు క్రెడిటే రాదు కనుక ఆయనకు ఆ బెదిరింపు చీమకుట్టినట్టు కూడా ఉండదు. చెల్లింపులోంచి ఆయన ముందే కోసిన ఆదాయపు పన్ను (టీడీఎస్), అంటే వ్యక్తిగత కాంట్రాక్టరుకు 1 శాతం, సంస్థలకు 2 శాతం, మీ పాన్ మీద జమ అయిందో లేదో కూడా ఆదాయపు పన్ను పోర్టల్లో చూసుకోవాలి.

ఇటుకలు, కంకర వంటివి స్వయంగా తయారుచేసి సరఫరా చేసేవారు సరఫరాకు ముందే చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం అండగా ఉంటుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చొప్పున నెలవారీ చక్రవడ్డీ పడుతుంది. సరుకు కొని అమ్మే దుకాణదారులకు ఈ రక్షణ లేదు. సామగ్రి, కూలీ కలిసిన వర్క్స్ కాంట్రాక్టుల విషయంలో కోర్టుల అభిప్రాయాలు ఒక్కటిగా లేవు.

చెక్కు ఇచ్చి, అది చెల్లకపోతే, బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో సొమ్ము రాకపోతే మరో నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. నిర్మాణ ఒప్పందంలో వివాదం మూడు లక్షలు, ఆపైన అయితే, అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప, దావాకు ముందు రాజీ కోసం మధ్యవర్తిత్వానికి (మీడియేషన్) వెళ్లడం తప్పనిసరి.

"పైడితల్లమ్మ పండగ వెళ్లాక చూద్దాం" అన్న మాట మీద, విజయనగరంలో ఏటా జరిగే ఆ పండగ సిరిమానోత్సవాలు రెండు మూడు గడిచిపోతాయి. చెల్లింపు గడువు రాసుకోని పనికి దావా కాలపరిమితి పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లు; చివరి బిల్లు నుంచి కాదు. ఆ మూడేళ్లు నిండకముందే ఎదుటివారు బాకీని రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అందుచేత ఏటా మార్చి నెలాఖరున వారి లెటర్‌హెడ్ మీద ఇలా రాయించుకుని, తేదీ, సంతకం, సంస్థ ముద్ర చూసుకుని దాచుకోవాలి: "షెడ్డు నిర్మాణం పనికి సంబంధించి ఈ తేదీ నాటికి మేము మీకు చెల్లించవలసిన మొత్తం 4,60,000 రూపాయలు అని అంగీకరిస్తున్నాము."