తొట్టెలల ముందు పొత్రం, తర్వాతే పిల్ల

మా తమ్మునికి బిడ్డ పుట్టింది. మేనత్తను నేనే కాబట్టి హన్మకొండల 21వ దినం తొట్టెల పనంతా నా నెత్తిన పడ్డది. ఎట్ల చేసిన్నో చెప్తా, ఎవరికన్నా అక్కరకొస్తది.

పొద్దుగాల ఇల్లు కడిగి, బాలింతకు, పిల్లకు తానం. తర్వాత బాయి పూజ. మాకు బాయి ఏడున్నది? నల్లా కాడనే పసుపు కుంకుమ పెట్టి, గుగ్గిళ్లు పెట్టి మొక్కినం. నీళ్లు బాలింతనే పట్టుకొని రావాలె. మా మరదలిది ఆపరేషన్ కాన్పు, అందుకే బిందె వద్దన్న, చెంబుతోనే తెచ్చింది. గంగమ్మ ఏమనుకోదు.

ఇగ తొట్టెల. పోయినేడు మా ఆడబిడ్డ కొడుక్కు కొత్త పట్టుచీరతో కట్టినం, ఫొటోల బాగుంటదని. పిల్లగాని కంటే ముందు పొత్రం, అంటే రోట్ల నూరే రాయి, పెట్టి ఊపితే మూడో ఊపుకే ముడి జారింది. కింద కొత్తవాడ శతరంజి పరిచే ఉన్నది, అయినా టైల్ పలిగింది. పాట పాడుతున్నోళ్ల నోళ్లు ఆడనే ఆగినయి. పొత్రం ముందుగాల ఎందుకు పెడ్తరో నాకు ఆ దినం తెలిసింది. ఇప్పుడు కొందరు పొత్రం బదులు కొబ్బరికాయ పెడ్తున్నరు. దాని బరువెంత, పిల్ల బరువెంత! పొత్రం ఇంట్ల లేకుంటే పక్కింట్ల అడుగుండ్రి.

చీర పాత నూలుదే కావాలె, మెత్తగున్నా చిరుగు ఉండొద్దు. రెండు కొసలు కలిపి కొక్కానికి ఒక ముడి, దాని మీద ఇంకో ముడి. అడుగు మీ మోకాలు ఎత్తు దాటనియ్యకుండ్రి, కింద బొంత పరువుండ్రి. చీర దగ్గరికి ముడుచుకొని పిల్ల మొఖం మీద పడకుండ నడుమ అడ్డంగ ఒక కర్ర పెట్టుండ్రి. పొత్రం కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, గుడ్డల చుట్టి పండుకోబెట్టుండ్రి. గట్టిగనే ఊపుండ్రి, మొహమాటం వద్దు. ముడి కదలలేదంటేనే పిల్లను వేసుడు.

పేరు తండ్రి ఉంగరంతోని పళ్లెంల బియ్యం మీద రాస్తడు, మేనత్త చెవిల చెప్తది. మావోడు పొద్దుగాలనే వాట్సాప్‌ల పెట్టిండు, ఇగ నేను చెవిల చెప్పేదేమున్నది?

ముసలోళ్లతోని రెండింటికి కొట్లాడిన. పిల్ల నోట్ల తేనె పెట్టొద్దు, ఏడాది నిండేదాక అది పిల్లలకు ప్రమాదం. కాటుక కండ్లకు వద్దు, అరికాలికి పెట్టుకోండి అన్న. సాంబ్రాణి పొగ పక్క అర్రలనే వేసినం.

పుట్టిన సర్టిఫికెట్‌కు కూడ లెక్క 21 దినాలే. 1969 చట్టం ప్రకారం ఆ లోపల నమోదైతే ఫీజు లేదు. పేరు ఖాయం కాకున్నా నమోదు ఆపొద్దు, ఏడాది లోపల పేరు ఉత్తగనే ఎక్కిస్తరు. దవాఖానల కాన్పయితే వాళ్లే పంపుతరు, కానీ తల్లిదండ్రుల పేర్ల అక్షరాలు మీరే చూసుకోవాలె.

చుట్టాలు పోయినంక పొత్రాన్ని మంచిగ కడుగుండ్రి. మేం మరిచినం, తెల్లారి పల్లీల తొక్కు పచ్చగ అయింది.